సల్ఫర్ వదిలించే రీజనరేషన్‌కి ముందు జాగ్రత్తలు

డీజిల్ బండి పొగలో నాక్స్ (నైట్రోజన్ ఆక్సైడ్ వాయువులు) తగ్గించే ఎస్‌సీఆర్ క్యాటలిస్ట్‌కి సల్ఫర్ పట్టిందని అనుమానమా? బండి ఆపి రీజనరేషన్ (ఎగ్జాస్ట్‌ని బాగా వేడెక్కించి ఆ సల్ఫర్‌ని వదిలించడం) మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి.

• అన్నిటికంటే ముందు డీజిల్. ఈ క్యాటలిస్ట్‌లు సల్ఫర్ 10–15 పీపీఎం (పది లక్షల భాగాల్లో 10–15) దాటని డీజిల్ కోసమే తయారయ్యాయి. ట్యాంకులో కల్తీ సరుకు ఉంటే మొత్తం ఖాళీ చేయించండి. అది ఉండగా ఎంత కాల్చినా కథ మళ్లీ మొదటికే.

• తప్పు నిజంగా సల్ఫర్‌దేనా? నాక్స్ తగ్గించడానికి ఎగ్జాస్ట్‌లోకి చిమ్మే యూరియా ద్రవంలో అదనంగా నీళ్లు కలిసినా నాక్స్ తగ్గడం మానేస్తుంది. రిఫ్రాక్టోమీటర్ (ద్రవం గాఢత చూపే పరికరం) మీద ఒక్క చుక్క వేసి చూడండి, యూరియా 32.5 శాతం దగ్గర ఉండాలి. చాలామంది ఈ చిన్న పరీక్ష వదిలేసి, ఖరీదైన క్యాటలిస్ట్ మార్చేస్తారు. దయచేసి అలా చేయకండి.

• డిప్‌స్టిక్ తీయండి. ఆయిల్ మట్టం పెరిగి, డీజిల్ వాసన వస్తుంటే ముందు ఆయిల్ మార్చాలి. కాలినప్పుడు తక్కువ బూడిద మిగిల్చే రకం ఆయిలే పోయండి.

• ఆరుబయట, ఎండుగడ్డికి దూరంగా నిలపండి. ఎగ్జాస్ట్ వేడి 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. తెల్లటి ఘాటు పొగ రావచ్చు, సైలెన్సర్ వెనక ఎవరినీ నిలబడనివ్వకండి.

• మధ్యలో ఇంజిన్ ఆపాల్సిన పని పెట్టుకోవద్దు.