మొదటి వేక్‌బోర్డ్ బోటు, 3వ పాఠం: రివర్స్‌లో స్టీరింగ్ పనిచేయదు

పోయిన పాఠంలో వేక్‌బోర్డ్ బోటు (పలక మీద నిలబడి తాడు పట్టుకున్న మనిషిని నీళ్లపై లాగే బోటు) కొనడం గురించి చెప్పుకున్నాం: చల్లగా ఉన్న ఇంజన్‌ని మన కళ్లముందే స్టార్ట్ చేయించడం, బాలస్ట్ ట్యాంకులన్నీ (వెనక అల పెద్దదవ్వడానికి బోటుని బరువెక్కించే నీళ్ల ట్యాంకులు) నింపించి ఖాళీ చేయించడం, నీళ్లలో నడిపి చూడకుండా పైసా కూడా ఇవ్వకపోవడం. సరే, కొనేశారు. ఇప్పుడు డాక్ (బోట్లు కట్టేసే వేదిక) నుంచి బయటికి తీయాలి, అసలు కథ ఇక్కడే.

నాది 21 అడుగుల వి-డ్రైవ్. ఇంజన్ వెనక ఉంటుంది, ప్రొపెల్లర్ బోటు అడుగున ఉంటుంది, దాని వెనక చుక్కాని. మోటారు బయట వెనక తగిలించి ఉండే ఔట్‌బోర్డ్ బోట్లలో స్టీరింగ్ తిప్పితే మోటారే తిరుగుతుంది, మనది అలా కాదు. ప్రొపెల్లర్ వెనక్కి తోసే నీళ్లు చుక్కానికి తగిలితేనే బోటు తిరుగుతుంది. రివర్స్ వేస్తే ఆ నీళ్లు ముందుకి పోతాయి, చుక్కానికి బలంగా తగిలేదేమీ ఉండదు, కాబట్టి మీరు స్టీరింగ్ ఎంత తిప్పినా బోటుకి పట్టదు. అది చాలదన్నట్టు ప్రొపెల్లర్ తిరిగే తీరుకి బోటు వెనక భాగం ఓ పక్కకి జరుగుతుంది. నాది కుడివైపుకి జరుగుతుంది.

ఇది తెలియకే, టెక్సస్‌లో మాకు దగ్గరున్న లూయిస్‌విల్ చెరువులో మొదటి శనివారమే, పార్కింగ్‌లోంచి కారు తీసినట్టు ఎడమకి తిప్పి రివర్స్ వేశాను. వెనక భాగం తాపీగా కుడికి, పక్కవాళ్ల పాంటూన్ (తేలే గొట్టాల మీద కట్టిన చదును బోటు) మీదకి వెళ్లింది. మా ఆవిడ డాక్ మీద తాడు పట్టుకుని "తిప్పండీ, తిప్పండీ" అంటోంది, నేను తిప్పుతూనే ఉన్నాను. జానెడు గీత పడింది, నా బోటుకే, అదొక్కటే అదృష్టం.

అందుకే ముందు మీ బోటు ఎటు జరుగుతుందో తెలుసుకోండి. గాలి లేని పొద్దున, ఎవరూ లేని మూల చూసుకుని బోటుని పూర్తిగా ఆపండి, స్టీరింగ్ నేరుగా పెట్టి గేరు మాత్రం రివర్స్‌లో వేసి ఐదు లెక్కపెట్టండి. (స్టార్ట్ చేసేముందు నాలుగు నిమిషాలు బ్లోయర్, అంటే ఆవిరిని బయటికి తోసే ఫ్యాను, వేయాలి, ఇంజన్ గదిలో పెట్రోలు ఆవిరి ఉంటే పేలుతుంది. కిల్ స్విచ్ తాడు (నడిపేవాళ్లు పడిపోతే ఊడి ఇంజన్‌ని ఆపేసేది) ఒంటికి తగిలించుకోవాలి, అమెరికాలో 26 అడుగుల లోపు బోట్లకి 2021 నుంచి ఇది చట్టం కూడా.)

కుడికి జరిగే బోటైతే డాక్‌ని కుడివైపు ఉంచుకుని కొంచెం ఏటవాలుగా రండి. గేరు వేయడం, తీయడం, మళ్లీ వేయడం, మధ్యలో న్యూట్రల్‌లో దానంతటదే జారనివ్వడం. థ్రాటిల్ (వేగం పెంచే లివరు) జోలికి పోవద్దు. ముందు భాగం డాక్‌కి రెండు మూడు అడుగుల్లోకి వచ్చాక స్టీరింగ్ ఎడమకి తిప్పి, ఒక్క క్షణం రివర్స్ వేయండి. బోటు ఆగుతుంది, వెనక భాగం దానంతటదే డాక్‌కి చేరుతుంది. మనల్ని ముంచిన గుణమే ఇక్కడ పని చేసిపెడుతుంది. ఏమాత్రం అనుమానం వచ్చినా బయటికి పోయి మళ్లీ రండి. సిగ్గుపడి బలవంతంగా దూర్చేవాళ్లే బోటు గీకించుకుంటారు.

చెరువు వదిలేముందు ట్యాంకుల్లో, ఇంజన్ కింద నీళ్లన్నీ తీసేయండి. జీబ్రా గుల్లలు (చెరువుల్ని పాడుచేసే, బయటినుంచి వచ్చిన చిన్న ఆల్చిప్పలు) ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి ఆ నీళ్లతో కూడా పాకుతాయి, టెక్సస్‌లో తీయకపోతే జరిమానా కూడా.

ఈ వారం హోంవర్కు: ఇరవైసార్లు డాక్‌కి రండి, ఇరవైసార్లు బయటికి వెళ్లండి. వేక్‌బోర్డు ఇంట్లోనే ఉండనివ్వండి, 4వ పాఠంలో తాడు కడదాం.