బెంగళూరు నుంచి విశాఖకి రైల్లో: సంక్రాంతి టికెట్ దగ్గర్నుంచి అమ్మానాన్నల లోయర్ బెర్త్ దాకా

సంక్రాంతికి ఊరెళ్ళాలని డిసెంబర్‌లో టికెట్ వెతకడం మొదలుపెడితే దొరికేది వెయిటింగ్ లిస్టే. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు, ఉదయం 8 గంటలకి మొదలవుతుంది (2024 నవంబర్‌కి ముందు 120 రోజులుండేది). అంటే జనవరి 12న బయలుదేరాలంటే నవంబర్ 13 పొద్దున్నే లాగిన్ అయి సిద్ధంగా ఉండాలి. తిరుగు టికెట్‌లో ఇంకో మెలిక ఉంది: ఆ 60 రోజులు లెక్కేసేది రైలు మొదటి స్టేషన్‌లో బయలుదేరే తేదీ నుంచి, కాబట్టి ముందురోజు హౌరాలో బయలుదేరి మర్నాడు విశాఖ వచ్చే రైలుకి బుకింగ్ మీరనుకున్న దానికంటే ఒకరోజు ముందే మొదలైపోతుంది, పండగ సీజన్‌లో ఆ ఒక్కరోజు తేడాకే బెర్తులు అయిపోతాయి.

వెతికేటప్పుడు దువ్వాడ పేరుతో కూడా చూడండి. కొన్ని రైళ్ళు విశాఖ స్టేషన్‌లోకి రాకుండా దువ్వాడలో ఆగి అటునుంచి అటే వెళ్ళిపోతాయి. గాజువాక వైపు వాళ్ళకి నిజానికి అదే దగ్గర. రూటు కూడా చూసుకోండి, ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ధర్మవరం, గుంతకల్లు, నంద్యాల, గుంటూరు మీదుగా చుట్టూ తిరిగి వెళ్తుంది, దారిలో ఆ ఊళ్ళలో పని లేకపోతే కాట్పాడి, రేణిగుంట మీదుగా వెళ్ళేవాటిని ముందు చూడటం మేలు.

అమ్మానాన్నలని తీసుకెళ్తున్నారా? అయితే వాళ్ళ టికెట్ విడిగా తీయండి. ఇది చాలామందికి తెలియక ఇంటిల్లిపాదికీ ఒకే టికెట్ తీసి, తీరా రైలెక్కాక మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడకి లోయర్ బెర్త్ ఇమ్మని ఎదుటివాళ్ళని బతిమాలుతుంటారు. 60 దాటిన మగవాళ్ళకి, 45 దాటిన ఆడవాళ్ళకి లోయర్ బెర్త్ కోటా ఉంది కానీ, అది ఒక టికెట్ మీద ఒక్కరో ఇద్దరో ఉండి, ఆ ఇద్దరూ ఆ వయసు వాళ్ళే అయితేనే వర్తిస్తుంది. మీ పేరో పిల్లల పేరో అందులో కలిపారంటే కోటా పోయినట్టే. మీ బోగీ వేరే అయినా ఫర్వాలేదు, మధ్యలో వెళ్ళి చూసుకోవచ్చు.

టికెట్ దొరక్కపోతే తత్కాల్ (ఆఖరి నిమిషం వాళ్ళ కోసం ఉండే బుకింగ్). ముందురోజు ఏసీకి 10 గంటలకి, స్లీపర్‌కి 11 గంటలకి మొదలవుతుంది. ఆన్‌లైన్‌లో తీయాలంటే 2025 జూలై నుంచి అకౌంట్‌కి ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి, కాబట్టి ఆ పని ఈరోజే చేసేయండి, తత్కాల్ రోజున ఓటీపీ కోసం చూస్తూ కూర్చుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ప్రయాణికుల పేర్లు ముందే సేవ్ చేసుకోండి. కన్‌ఫర్మ్ అయిన తత్కాల్ టికెట్ క్యాన్సిల్ చేస్తే డబ్బు తిరిగి రాదు. ఇక ఆన్‌లైన్‌లో తీసిన మామూలు టికెట్ చార్ట్ (ఎవరికి ఏ బెర్తో చెప్పే తుది జాబితా) తయారయ్యాక కూడా పూర్తిగా వెయిటింగ్‌లోనే ఉంటే దానంతటదే రద్దయి డబ్బు వెనక్కి వస్తుంది, కానీ దాంతో రైలెక్కకూడదు. ఆర్ఏసీ (ఇద్దరికి కలిపి ఒకే బెర్త్) వస్తే ఎక్కొచ్చు, సైడ్ లోయర్‌లో ఇద్దరూ సర్దుకోవాలి.

చివరగా స్టేషన్. మెజెస్టిక్ (కేఎస్ఆర్ బెంగళూరు స్టేషన్), యశ్వంతపూర్, బైయప్పనహళ్ళి టెర్మినల్ మూడూ మూడు దిక్కుల్లో ఉన్నాయి. మెజెస్టిక్‌కి మెట్రో సుఖం. బైయప్పనహళ్ళిలో మాత్రం మెట్రో స్టేషన్ వేరు, రైల్వే టెర్మినల్ వేరు, దిగాక సామానుతో ఇంకా కొంత దూరం వెళ్ళాలి, ఆ టైమ్ కలుపుకుని బయలుదేరండి. వైట్‌ఫీల్డ్ వైపు ఉండేవాళ్ళు మీ రైలు కృష్ణరాజపురంలో ఆగుతుందేమో చూసి, బుక్ చేసేటప్పుడే బోర్డింగ్ అక్కడ పెట్టుకోండి.