సిగ్‌టర్మ్ పంపినా ఆగని చైల్డ్ ప్రాసెస్: సమస్య - పరిష్కారం

సమస్య: లినక్స్‌లో సర్వీసు ఆపితే సిగ్‌టర్మ్ (ఆగమని చెప్పే సిగ్నల్) వెళ్తుంది. పేరెంట్ (అసలు ప్రాసెస్) మర్యాదగా ఆగుతుంది. అది పుట్టించిన చైల్డ్ మాత్రం ఉలకదు, పలకదు. కిల్ -9 (బలవంతంగా చంపే ఆదేశం) కొడితేనే పోతుంది. గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కాటాలో ఇదే జరిగింది. తూకం చదివే పాత చైల్డ్ సీరియల్ పోర్టు లాక్ వదలదు, కొత్తది మొదలు కాదు, బయట టిక్కీల (మిర్చి బస్తాల) లారీలు బారులు తీరాయి.

దయచేసి హ్యాండ్లర్ (సిగ్నల్ వస్తే నడిచే ఫంక్షన్) కోడ్ తెరవకండి. ముందు /ప్రోక్ కింద ఆ చైల్డ్ పీఐడీ (ప్రాసెస్ నంబరు) స్టేటస్ ఫైలు చూడండి. అర నిమిషం పని, అయినా ఎవరూ చేయరు. సిగ్‌బ్లాక్ (SigBlk) వరుస చివర 4000 (హెక్సాడెసిమల్) ఉంటే కుడి నుంచి 15వ బిట్ వెలిగినట్టు. సిగ్‌టర్మ్ నంబరు 15, అంటే దాన్ని బ్లాక్ చేశారు, లోపలికి రానివ్వడం లేదు. కిల్ కొట్టాక ప్రాసెస్ పెండింగ్ (ShdPnd) వరుసలోనూ 4000 కనిపిస్తే సిగ్నల్ వచ్చింది, గుమ్మం బయటే నిలబడింది.

కారణం: చైల్డ్ కోడ్ ఎంత వెతికినా దొరకదు, ఎందుకంటే తప్పు అక్కడ లేదు. సిగ్నల్‌ఎఫ్‌డీతో (సిగ్నళ్లను ఫైలులా చదివే పద్ధతి) చదవడానికి పేరెంట్ సిగ్‌టర్మ్‌ను బ్లాక్ చేసింది. ఫోర్క్ (చైల్డ్‌ను పుట్టించే కాల్) ఆ మాస్కును (బ్లాక్ చేసిన సిగ్నళ్ల జాబితా) చైల్డ్‌కు ఇచ్చింది. ఎగ్జెక్ (చైల్డ్‌లో కొత్త ప్రోగ్రాం ఎక్కించే కాల్) దాన్ని తుడవలేదు. ఎగ్జెక్‌తో హ్యాండ్లర్లు డిఫాల్ట్‌కు వెళ్తాయి కాబట్టి మాస్కూ పోతుందనుకుంటారు. పోదు. ఇగ్నోర్ చేసిన సిగ్నళ్లూ అలాగే మిగులుతాయి, కాబట్టి సిగ్‌ఇగ్నోర్ (SigIgn) వరుస కూడా చూడండి.

పరిష్కారం: ఫోర్క్ తర్వాత, ఎగ్జెక్‌కు ముందు, చైల్డ్‌లోనే ఖాళీ సెట్‌తో సిగ్‌ప్రాక్‌మాస్క్‌ను (మాస్కును మార్చే ఫంక్షన్) పిలవండి. అందులో సెట్‌మాస్క్ (SIG_SETMASK) ఎంపిక వాడాలి. ఖాళీ సెట్‌తో అన్‌బ్లాక్ అంటే ఏమీ చేయనట్టే. ఈ పొరపాటు ఎంతోమంది కోడ్‌లో చూశాను. ఫోర్క్‌కు ముందే పేరెంట్‌లో మాస్కు తీసేయడం ఇంకా ప్రమాదం, ఆ సందులో సిగ్‌టర్మ్ వస్తే పేరెంటే పోతుంది. పోసిక్స్ స్పాన్ (ఫోర్క్, ఎగ్జెక్ రెండూ కలిపి చేసే ఫంక్షన్) వాడితే మాస్కు ఆట్రిబ్యూట్‌తో పాటు సెట్‌సిగ్‌మాస్క్ ఫ్లాగ్ కూడా పెట్టాలి. ఫ్లాగ్ లేకపోతే మీరిచ్చిన మాస్కును అది పట్టించుకోదు.

-9తో సరిపెట్టుకోకండి. లాక్ ఫైలు మిగిలిపోతుంది, తూకం రికార్డు సగంలో తెగుతుంది.

అరుదైనవి: -9కీ కదలకుండా డీ స్థితిలో (కెర్నల్‌లో ఏదో పని ముగియడానికి ఎదురుచూస్తూ) ఉంటే డిస్కో నెట్‌వర్క్ స్టోరేజో చూడండి. జాంబీ అయితే అది ఎప్పుడో ముగిసింది, పేరెంట్ వెయిట్ (చైల్డ్ ముగిసిన సంగతి అందుకునే కాల్) పిలవలేదంతే. థ్రెడ్లుంటే సిగ్‌ప్రాక్‌మాస్క్ బదులు పీథ్రెడ్ సిగ్‌మాస్క్ వాడండి.

మార్చాక చైల్డ్‌ను మళ్లీ నడిపి, సిగ్‌బ్లాక్ వరుసలో అన్నీ సున్నాలు కనిపించాకే కిల్ కొట్టి చూడండి.