కొన్నవాళ్లు డబ్బు వెనక్కి అడుగుతున్నారా? అమ్మేవాళ్లకు సమస్య - పరిష్కారం

ఆన్‌లైన్‌లో అమ్మిన వస్తువు మీద డిస్ప్యూట్ (కొనుగోలుదారు పేమెంట్ సంస్థకు పెట్టే ఫిర్యాదు) మెయిల్ రాగానే చాలామంది కొనుగోలుదారు మీద కోపంగా మెసేజ్ పెడతారు. లేదంటే దగ్గరున్న స్క్రీన్‌షాట్లన్నీ ఒక్కసారే అప్‌లోడ్ చేసేస్తారు. రెండూ పని చెడగొట్టేవే. కేసు చూసేవాళ్లకు మీరెంత మంచివాళ్లో అక్కర్లేదు. కొనుగోలుదారు రాసిన ఆ ఒక్క కారణానికి మీ దగ్గర జవాబు ఉందా లేదా, అంతే చూస్తారు. అందుకే ముందు నోటీసులో కారణం చదవండి, ఆ తర్వాత ఆఖరు తేదీ రాసిపెట్టుకోండి.

డబ్బు ఖాతాలో ఉంది, కానీ తీసుకోనివ్వడం లేదు

కారణం: డిస్ప్యూట్ గాని, ఛార్జ్‌బ్యాక్ (బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి లాగడం) గాని పడి ఉంటుంది. ఈ రెండూ ఒకటి కాదు. డిస్ప్యూట్ పేమెంట్ సంస్థ లోపలే నడుస్తుంది. ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ పేపాల్‌లో అయితే డబ్బు కట్టిన 180 రోజుల్లోపు కొనుగోలుదారు దాన్ని తెరవచ్చు. ఇద్దరికీ కుదరకపోతే 20 రోజుల్లోపు దాన్ని క్లెయిమ్‌గా, అంటే పేపాల్ తీర్పు చెప్పే కేసుగా మార్చవచ్చు, మార్చకపోతే అది దానంతటదే మూసుకుపోతుంది. క్లెయిమ్ అయ్యాక మీరు గడువులోగా బదులివ్వకపోతే తీర్పు కొనుగోలుదారు వైపే వెళ్తుంది. ఛార్జ్‌బ్యాక్ సంగతి వేరు. అది కార్డు ఇచ్చిన బ్యాంకు ద్వారా వస్తుంది, నిర్ణయం పేపాల్ చేతిలో ఉండదు.

పరిష్కారం: మీ ముందున్నది ఏదో తేల్చుకోండి. ఛార్జ్‌బ్యాక్ అయితే మాత్రం విడిగా రీఫండ్ పంపకండి. డబ్బు అప్పటికే వెనక్కి లాగేసి ఉంటుంది, మీరు మళ్లీ పంపితే రెండుసార్లు పోతుంది. నిజాయితీగా ఉండేవాళ్లే ఇక్కడ ఎక్కువ నష్టపోతారు, నాకు అదే బాధ. తిరిగి ఇచ్చేయాలనుకుంటే కేసు పేజీలోనే ‘ఒప్పుకుంటున్నాను’ అని నొక్కండి.

‘సరుకు అందలేదు’ అంటున్నారు

కారణం: పార్శిల్ దారిలో ఆగి ఉండవచ్చు, ఇంట్లో ఇంకెవరో తీసుకుని ఉండవచ్చు, నిజంగానే పోయి ఉండవచ్చు. లేదా మీరు పంపిన చిరునామా, చెల్లింపు వివరాల్లో ఉన్న చిరునామా వేరు కావచ్చు. ఈ చివరిదే ప్రమాదం.

పరిష్కారం: ముందు ట్రాకింగ్ పేజీ తెరిచి, డెలివరీ తేదీ, ఊరు, పిన్‌కోడ్ సరిపోయాయో లేదో చూడండి. తర్వాత మీరు అమ్మిన సైట్ లేదా పేమెంట్ సంస్థ మెసేజ్‌లలోనే మర్యాదగా రాయండి: ‘మీ పార్శిల్ ఫలానా తేదీన డెలివరీ అయినట్టు చూపిస్తోంది. ఇంట్లో ఇంకెవరైనా తీసుకున్నారేమో ఒకసారి కనుక్కుని చెప్తారా? లేదంటే కొరియర్ వాళ్లకు నేనే ఫిర్యాదు పెడతాను.’ సగం గొడవలు ఇక్కడే తీరిపోతాయి. తీరకపోయినా, మీరు సాయం చేయబోయారని ఆ మెసేజే చెప్తుంది.

పార్శిల్ నిజంగా పోతే కొనుగోలుదారుకు డబ్బు ఇచ్చేయండి. కొరియర్‌తో తేల్చుకోవడం మీ పని, వాళ్లది కాదు. చెల్లించాక చిరునామా మార్చమంటే రీఫండ్ చేసి, కొత్త చిరునామాతో మళ్లీ కట్టమనండి. ‘అందలేదు’ అన్న కేసులో పేపాల్ అమ్మేవాళ్లకిచ్చే రక్షణ కావాలంటే 750 డాలర్లు, ఆపైన ఉన్న వస్తువులకు సంతకంతో డెలివరీ చేయించాలి.

‘చెప్పినట్టు లేదు’ అంటున్నారు

ఇక్కడ ట్రాకింగ్ నంబరు ఎందుకూ పనికిరాదు. అందిందని వాళ్లే ఒప్పుకుంటున్నారు కదా! అయినా చాలామంది అదే పంపి ఓడిపోతారు.

కారణం: ప్రకటనలో ఒక లోపం రాయకుండా వదిలేసి ఉంటారు, లేదా దారిలో దెబ్బతిని ఉంటుంది, లేదా కొనుగోలుదారు మనసు మారి ఉంటుంది.

పరిష్కారం: అమ్మిన రోజు ప్రకటన ఎలా ఉందో అలాగే పంపండి. ప్యాక్ చేసేముందు తీసిన ఫోటోలు, సీరియల్ నంబరు కనిపించే ఫోటో జతచేయండి. గీత పడిందని ప్రకటనలోనే రాసి ఉంటే ఆ వాక్యాన్ని చూపించండి. తప్పు మీదే అయితే కొంత మొత్తం తిరిగిస్తానని ముందుగానే చెప్పండి. వాపసు తీసుకుంటే ట్రాకింగ్ ఉన్న కొరియర్‌లోనే పంపమనండి. పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీసి సీరియల్ నంబరు సరిచూడండి. మీ కొత్త వస్తువు ఉంచుకుని తమ పాడైన వస్తువు పంపేవాళ్లూ ఉంటారు.

‘ముందు కేసు మూసేయండి, తర్వాత డబ్బు పంపుతాను’ అని మాత్రం అడగకండి. పేపాల్‌లో ఒకసారి మూసిన డిస్ప్యూట్‌ను మళ్లీ తెరవలేరు కాబట్టి, కొనుగోలుదారు భయపడడం న్యాయమే.

‘ఈ చెల్లింపు నేను చేయలేదు’ అంటున్నారు

కారణం: కార్డు దొంగిలించి ఉండవచ్చు, ఇంట్లో పిల్లలెవరో వాడి ఉండవచ్చు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో పడ్డ పేరు మీ దుకాణం పేరుకు పొంతన లేక గుర్తుపట్టకపోయి ఉండవచ్చు.

పరిష్కారం: సరుకు ఇంకా పంపకపోతే ఆపేయండి. పంపేసి ఉంటే ఆ కార్డుతో పాత కొనుగోళ్లున్నాయేమో వెతకండి. 2023 ఏప్రిల్ నుంచి వీసా కార్డు సంస్థ నిబంధన ప్రకారం, గొడవ పడని రెండు పాత చెల్లింపులు చూపించవచ్చు. అవి కనీసం 120 రోజుల కిందటివి అయి ఉండాలి, ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్ కనెక్షన్ నంబరు) లేదా డివైస్ (ఫోను, కంప్యూటర్) వివరం వంటివి ఇప్పటి కొనుగోలుతో కలవాలి. స్టేట్‌మెంట్‌లో కనిపించే పేరును పేమెంట్ సెట్టింగ్స్‌లో ఇవాళే మార్చుకోండి.

ఎక్కువ కట్టి, తేడా వేరే ఖాతాకు పంపమంటున్నారు

మోసం. పంపకండి. మొత్తం చెల్లింపును వచ్చిన దారిలోనే రద్దు చేయండి. ‘డబ్బు జమ అయింది’ అని మెయిల్ వస్తే అందులోని లింకు నొక్కకుండా మీ ఖాతాలోకి నేరుగా లాగిన్ అయి చూడండి. అక్కడ కనిపించకపోతే డబ్బు రానట్టే.

కేసు ఓడిపోయాను, ఇంకా పోరాడాలా?

కొత్త సాక్ష్యం ఉంటేనే అప్పీలు చేయండి, పాత కాగితాలే మళ్లీ పంపితే జవాబు మారదు. కార్డు ఛార్జ్‌బ్యాక్ ఆర్బిట్రేషన్ (కార్డు సంస్థే చివరి తీర్పు చెప్పే దశ) దాకా వెళ్తే ఓడినవాళ్ల మీద పడే రుసుమే వందల డాలర్లు. చిన్న మొత్తం కోసం అంతదూరం వెళ్లకపోవడమే మంచిది.