ప్రళయ కథల్ని పోల్చడం - 3వ పాఠం: ఏది మిద్దె, ఏది కాదు?

పోయిన పాఠంలో నాలుగు కథలు చదివి, ఒక్కోదాని వరస ఒక్కో కాగితం మీద రాసుకోమన్నాను: శతపథ బ్రాహ్మణం అనే వైదిక గ్రంథంలో మనువు, బాబిలోనియావాళ్ల గిల్గమేష్ కావ్యం 11వ మట్టిపలకలో ఉత్నపిష్టిమ్, బైబిల్లో నోవహు, ఖురాన్‌లో నూహ్. ఆ కాగితాలు ముందర పెట్టుకోండి. పెన్సిల్ కూడా.

నాలుగింటిలోనూ పడవ ఉంది, కొండ ఉంది. "అన్నీ ఒకటే కథ" అనేయాలనిపిస్తుంది. ఆగండి. 2021 నవంబరులో తిరుపతి వీధులు మునిగినప్పుడు మేం మిద్దెక్కాం. అవతలి వీధివాళ్లూ ఎక్కారు. మమ్మల్ని చూసి కాదు. నీళ్లొస్తే ఎవరైనా పైకే పోతారు. పడవ, కొండ కూడా అంతే. వాటి పక్కన 'మిద్దె' అని రాసి వదిలేయండి.

ఇప్పుడు మిద్దె కానివి వెతకండి. అంటే, లేకపోయినా వరద కథ నడిచిపోయేదే, అయినా ఉన్నాయి చూడండి, అవి. ఉత్నపిష్టిమ్ నీళ్లు తీశాయో లేదో తెలుసుకోడానికి పావురాన్ని, తర్వాత వానకోవెలను, ఆఖర్న కాకిని వదులుతాడు. నోవహు ముందు కాకిని, తర్వాత పావురాన్ని. దిగాక ఇద్దరూ బలి ఇస్తారు, ఆ వాసన పైకి చేరుతుంది. నోవహు దేవుడు శాంతిస్తాడు; బాబిలోనియా దేవుళ్లయితే ఈగల్లా మూగుతారు! ఇంత వరస రెండుచోట్ల విడివిడిగా పుట్టిందంటే నేను నమ్మను. 1872లో లండన్ బ్రిటిష్ మ్యూజియంలో పాత పలకలు చదివే జార్జ్ స్మిత్ ఆ మట్టిపలకను పోల్చుకున్నదీ ఓడ కొండకు ఆనడం, వెంటనే పావురం ఎగరడం చూసే.

మనువు కథలో పక్షుల్లేవు. చేతులు కడుక్కునే నీళ్లలో చిక్కిన చిన్న చేప "నన్ను పెంచు, నిన్ను దాటిస్తాను" అంటుంది. కుండలో పెంచి, గుంటలోకి మార్చి, చివరికి సముద్రంలో వదులుతాడు. వరద ఎవరి పాపం వల్లో అక్కడ చెప్పరు. నోవహు కథలో కారణం మనుషుల చెడుతనం. బాబిలోనియాదే ఇంకో ప్రళయ కథ, అత్రహసిస్ కావ్యంలో మనుషుల గోలకు ఎన్‌లిల్ దేవుడికి నిద్ర పట్టకపోవడం (పండగ మైకుల పక్కన కాపురముండేవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది).

నూహ్ కాగితం దగ్గర జాగ్రత్త. ఆయన కొడుకు ఓడెక్కడు. "కొండెక్కి బతుకుతా" అంటాడు. ఇద్దరి మధ్యకీ అల వస్తుంది, కొడుకు మునిగిపోతాడు. ఇక్కడ కొండ పక్కన రాసిన 'మిద్దె' కొట్టేయండి. అందరూ వాడుకునే వస్తువునే ఈ కథ తన మాట చెప్పడానికి తిప్పుకుంది.

ఇంకో తప్పు మనం ఎక్కువ చేస్తాం: చేప అనగానే విష్ణువని రాసేయడం. శతపథంలో ఆ మాట లేదు. మహాభారతం అరణ్యపర్వంలో చేప తాను బ్రహ్మనంటుంది. భాగవతంలో అది విష్ణువు; పడవలో ద్రవిడ రాజు సత్యవ్రతుడు, తాడు వాసుకి. మన నాగలాపురం వేదనారాయణస్వామి గుడిలో అడిగితే, వరద కంటే ముందు విష్ణువు చేప రూపంలో సోమకాసురుడి దగ్గర్నుంచి వేదాలు తెచ్చిన సంగతి చెబుతారు. కాబట్టి 'మత్స్యావతారం' అని ఒకే కాగితం చాలదు. గ్రంథానికొకటి, గుడికొకటి.

అభ్యాసం: తిరుమలలో శ్రీవారికంటే ముందు పుష్కరిణి గట్టున వరాహస్వామిని చూస్తాం కదా. నీళ్లలో మునిగిన భూమిని ఎత్తిన స్వామి. ఓడ లేదు, బతికి బయటపడిన మనిషీ లేడు. ఇది ప్రళయ కథల్లో చేరుతుందా? అవును, కాదు ఏదో ఒకటి తేల్చి, కారణం రెండు వాక్యాల్లో రాయండి. నా జవాబు నాలుగో పాఠంలో, గ్రీకుల ప్రళయ కథలోని డ్యూకాలియన్‌తో పాటు.