ఒత్తు బొచ్చు కుక్కను ఇంట్లో దువ్వే పద్ధతి

హస్కీ, జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్, పొమేరనియన్ లాంటి కుక్కలకు బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది. పైన పొడుగాటి గరుకు వెంట్రుకలు, కింద దూదిలాంటి మెత్తటి బొచ్చు. ఎక్కువగా ఊడేది ఈ కింది పొరే. ఊడింది బయటపడే దారిలేక లోపలే చిక్కుకుని ఉండకడుతుంది. పైపైన బ్రష్ లాగితే ఒళ్లంతా నిగనిగలాడుతుంది గానీ, వేళ్లు దించి చూస్తే చర్మం చేతికి తగలదు.

కావలసినవి మూడే: స్లికర్ బ్రష్ (సన్నటి తీగలు దగ్గరదగ్గరగా ఉన్న బ్రష్), పళ్ల మొనలు గుండ్రంగా ఉన్న అండర్‌కోట్ రేక్ (కింది పొరలో ఊడిన బొచ్చును లాగే పళ్ల పనిముట్టు), ఒకవైపు వెడల్పు, ఒకవైపు సన్నం పళ్లున్న స్టీల్ దువ్వెన.

కుక్కను పక్కకు పడుకోబెట్టండి. కాలి కింది భాగంతో మొదలుపెట్టి పైకి రండి. ఎడమచేత్తో బొచ్చును పైకి ఎత్తిపట్టి, చర్మం కనిపించేలా పాపిట తీయండి. ఆ పాపిట కింది వెంట్రుకలను మాత్రమే మొదలు నుంచి కొసదాకా దువ్వండి. తర్వాత ఒకటి రెండు సెంటీమీటర్లు పైన మరో పాపిట. ప్రతి వరుస చివర దువ్వెన దించి చూడండి, ఆగిందంటే అక్కడ ఇంకా చిక్కుంది. స్లికర్ తీగలు పదునుగా ఉంటాయి. ఒకేచోట మళ్లీ మళ్లీ గీరితే చర్మం ఎర్రబడి మండుతుంది. ఎంత ఒత్తిడి పెట్టాలో ముందు మీ ముంజేతి మీద చూసుకోండి. బొచ్చు బాగా రాలే కాలంలో స్లికర్‌కు ముందు రేక్‌ను తేలిగ్గా లాగితే సగం పని తగ్గుతుంది.

చెవుల వెనక, చంకల్లో, కాలర్ కింద, తొడల వెనక, తోక మొదట్లో చిక్కులు ముందుగా పడతాయి. చర్మం లాగకుండా ఉండను మొదట్లో వేళ్లతో బిగించి పట్టుకుని, కొసల నుంచి కొంచెం కొంచెంగా విడదీయండి. కత్తెర జోలికి పోకండి: ఉండను లాగినప్పుడు దాంతోపాటు చర్మమూ పైకి లేస్తుంది, తెగేది అదే. చర్మానికి అంటుకుపోయిన ఉండను క్లిప్పర్‌తో (బొచ్చు కత్తిరించే మిషన్‌తో) తీయడం గ్రూమర్‌కే, అంటే కుక్కల బొచ్చు పని చేసేవారికే, వదిలేయండి.

స్నానం ఎప్పుడూ దువ్వాకే. తడిస్తే చిక్కు మరింత బిగుసుకుంటుంది. గోరువెచ్చని నీళ్లు, కుక్కల షాంపూ వాడండి. రుద్దడం కంటే కడగడానికే ఎక్కువసేపు పట్టాలి, నురగ లోపల మిగిలితే దురద. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, డ్రయ్యర్‌ను వేడి లేకుండా పెట్టి కుదుళ్లదాకా ఆరబెట్టండి. లోపల తేమ నిలిస్తే చర్మం చెమ్మగిల్లి పుండ్లు పడతాయి.

ఎండాకాలమని గుండు గీయించకండి. ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది, కొన్నిటికి బొచ్చు మళ్లీ సరిగా రాదు. రాలిన కింది పొరను దువ్వి తీసేస్తే గాలి ఆడుతుంది, అది చాలు.

మామూలు రోజుల్లో వారానికి రెండు మూడుసార్లు, రాలే కాలంలో రోజూ దువ్వాలి. కుక్క విసుక్కుంటే ఆరోజు ఒక కాలు దువ్వి ఆపేసి, మర్నాడు అక్కణ్ణుంచే ఎత్తుకోండి. పాపిట తీసినప్పుడు ఎర్రటి మచ్చలు, బోడి చోట్లు, దుర్వాసన కనిపిస్తే బ్రష్ పక్కనపెట్టి పశువైద్యుడికి చూపించండి.