వాగులు పొంగకముందే, ఏడో నెల రాకముందే

మా చెల్లె తొలి కాన్పుకని ఏడో నెలలో భూపాలపల్లి దిక్కు అత్తగారింటి నుంచి హన్మకొండకు వచ్చింది. చీరలు, పచ్చళ్లు, పిండివంటలు అన్నీ కారులో దిగాయి. టీకాలు, పరీక్షలు రాసే ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల కార్డు) మాత్రం అక్కడి బీరువాలోనే ఉండిపోయింది. ఇక్కడి ఏఎన్ఎం "టీడీ సూదులు ఎన్ని పడ్డాయమ్మా?" అని అడిగితే చెల్లె అమ్మ మొహం చూసింది, అమ్మ నా మొహం చూసింది. బయట రెండు రోజులుగా వాన, వాగు రోడ్డెక్కి బస్సులు బంద్. మరిది కార్డు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే గానీ తెలియలేదు, పడింది ఒకటేనని. రెండోది వేయించుకోవాల్సిన తేదీ దాటి నెలన్నర అయింది.

అందుకే చెప్తున్నా. కడుపుతో ఉన్న ఆడబిడ్డ మీ ఇంట్లో ఉంటే వానలు ముదరకముందే ఒకసారి కార్డు తీసి చూడండి.

మనం ఇంకా టీటీ అనే అంటాం గానీ ఇప్పుడు వేసేది టీడీ. ధనుర్వాతంతో పాటు కంఠసర్పికీ అదే. గర్భం అని తెలియగానే మొదటిది, నాలుగు వారాలకు రెండోది. గడిచిన మూడేళ్లలోపు కాన్పులో రెండూ పడి ఉంటే ఇప్పుడు ఒక్క బూస్టర్ చాలు. 36 వారాలలోపు పూర్తయితే మంచిది, దాటిందని మాత్రం మానొద్దు. తల్లికి వేసిన సూది బొడ్డు కోసిన పసిబిడ్డనూ కాస్తుంది. బుధ, శనివారాల్లో ఊళ్లోనే వేస్తారు, ఆశా అక్కను అడిగితే చెబుతుంది. చేయి ఒకటి రెండు రోజులు నొప్పి పెడుతుంది, కొంచెం వాస్తుంది. భయపడకండి, రుద్దకండి.

బ్లడ్ గ్రూపు నెగెటివ్ అయితే ఇంకా జాగ్రత్త. భర్తది పాజిటివ్ అయితే 28 వారాలప్పుడు యాంటీ-డి ఇంజెక్షన్ గురించి డాక్టర్‌ను మీరే అడగండి. బిడ్డది పాజిటివ్ అని తేలితే కాన్పయిన 72 గంటలలోపు మళ్లీ పడాలి. ఇది తప్పితే దెబ్బ తగిలేది ఎక్కువగా తర్వాతి బిడ్డకు.

ఫ్లూ సూది ఏ నెలలోనైనా వేయించుకోవచ్చు, డాక్టర్‌తో మాట్లాడండి. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలకు వేసేది), చికెన్‌పాక్స్ టీకాలు మాత్రం కడుపుతో ఉన్నప్పుడు వద్దు. కుక్క కరిస్తే 'కడుపుతో ఉంది కదా' అని ఆగొద్దు. సబ్బుతో పావుగంట కడిగి వెంటనే ఆస్పత్రికి తీసుకుపోండి, రేబిస్ టీకాకు గర్భం అడ్డు కాదు. జ్వరమొస్తే ఊళ్లో ఎవరో ఒకరితో పేరు తెలియని సూది పొడిపించుకోవడం మాత్రం దయచేసి మానండి. ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు.

వాగు అవతలి ఊళ్ల వాళ్లు నెలలు నిండకముందే ఆస్పత్రికి దగ్గరున్న చుట్టాలింటికి చేరండి. 2023 జులైలో మా భూపాలపల్లి దిక్కు మోరంచపల్లి ఊరు రాత్రికి రాత్రే మునిగింది. గర్భిణులను తీసుకుపోయే 102 బండి అయినా రోడ్డుంటేనే కదా వచ్చేది.

చెల్లెకు రెండో టీడీ ఆ శనివారమే పడింది. కార్డు ఇప్పుడు ప్లాస్టిక్ కవర్లో ఆధార్‌తో పాటు అమ్మ చేతిసంచిలో ఉంది. ఫొటోలు మా ముగ్గురి ఫోన్లలోనూ ఉన్నాయి.